ఇంజన్ కోసం దివాలా తీసిన మనిషి

ఒకే ఒక్క రైలింజన్ ఇద్దరు సంపన్నులను దివాలా తీయించింది. వాళ్లలో మొదటివాడు అలన్ పెగ్లర్. ఆయన కథ చదివినవాళ్లు చాలామంది ‘చేతులారా చేసుకున్నాడు’ అని తేల్చేస్తారు. నాకు మాత్రం గుండె బరువెక్కుతుంది.

ఆ ఇంజన్ పేరు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్. నైజెల్ గ్రెస్లీ రూపకల్పన చేస్తే, 1923లో ఇంగ్లండ్‌లోని డాన్‌కాస్టర్ వర్క్‌షాపులో తయారైంది. 1928 మే 1న లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా 392 మైళ్లు ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. ఎనిమిది గంటలకు పైబడిన ఆ ప్రయాణం ఒక్క డ్రైవరు, ఒక్క ఫైర్‌మన్ వల్ల అయ్యే పని కాదు. అందుకని బొగ్గూ నీళ్లూ మోసే టెండర్‌లో ఒక పక్కగా సన్నని సందు వదిలారు. వెడల్పు 18 అంగుళాలు, ఎత్తు 5 అడుగులు. సగం దారిలో రెండో జట్టు రైలుపెట్టెలోంచి లేచి, నడుం వంచి, ఒళ్లు పక్కకి తిప్పుకుని ఆ సందులోంచి ఇంజన్ మీదికి చేరేది. అప్పటిదాకా బొగ్గు ఎగదోసి అలిసిపోయిన మొదటి జట్టు అదే దారిన వెనక్కి వచ్చి కూలబడేది. ఇంత జరిగినా బండి వేగం తగ్గేది కాదు. 1934లో గంటకు వంద మైళ్లు అందుకుంది. పక్కాగా నమోదైన లెక్కల్లో ఆ వేగం చూసిన తొలి ఆవిరి ఇంజన్ అదే.

అలాంటి ఇంజన్‌ని 1963 జనవరిలో తుక్కు కింద కొట్టేయడానికి సిద్ధమయ్యారు. డీజిల్ రోజులొచ్చాయి మరి. అప్పుడు పెగ్లర్ దాన్ని 3,000 పౌండ్లకు కొన్నాడు. నాలుగేళ్ల పిల్లవాడిగా 1924లో వెంబ్లీ ప్రదర్శనలో చూసిన ఇంజన్ అది.

ఆవిరి ఇంజన్‌ని పెట్టుకోవడమంటే ఏనుగుని సాకడమే. కొన్న ధర ఏపాటిది, మేతతోనే వస్తుంది చిక్కంతా. బాయిలర్ మరమ్మతులు, బొగ్గు, పట్టాలెక్కినందుకు రుసుము, ఇలా ఖర్చుకి అంతుండదు. పరుగుమీద ఉండగానే నీళ్లు తోడుకోవడానికి పట్టాల మధ్య ఉండే తొట్లను రైల్వే పీకేస్తూ పోయింది. దాంతో పెగ్లర్ నీళ్ల కోసమే రెండో టెండర్ కొన్నాడు. 1968 ఆగస్టులో బ్రిటిష్ మెయిన్‌లైన్ మీద ఆవిరి బళ్లు ఆగిపోయినా, ముందుచూపుతో రాయించుకున్న ఒప్పందం వల్ల ఆయన ఇంజన్ తిరుగుతూనే ఉంది.

1969లో అమెరికా యాత్ర మొదలైంది. బ్రిటిష్ సరుకుల ప్రచారం దాని ఉద్దేశం. బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం అండగా నిలిచింది. అక్కడి నిబంధనల కోసం ఇంజన్‌కి ముందు పట్టాల మీది అడ్డంకులను పక్కకి నెట్టే కౌక్యాచరూ, పెద్ద దీపమూ, గంటా తగిలించారు. బోస్టన్ నుంచి హ్యూస్టన్ దాకా నడిచింది. నిప్పురవ్వలకు భయపడే కొన్ని రాష్ట్రాల కట్టుబాట్లు ఖర్చుని పెంచాయి. మరుసటేడు లండన్‌లో ప్రభుత్వం మారింది, ఆసరా పోయింది. ఆగిపోవలసింది అక్కడే. పెగ్లర్ ఆగలేదు. సొంత సొమ్ముతో, అప్పులతో టెక్సస్ నుంచి విస్కాన్సిన్‌కీ, మాంట్రియల్‌కీ, ఆ పై ఏడు టొరంటో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకీ నడిపించాడు. 1971 చివరికి అప్పు 1,32,000 పౌండ్లకు చేరింది.

అప్పులవాళ్లు జప్తు చేయకుండా ఇంజన్‌ని కాలిఫోర్నియాలో ఒక సైనిక డిపోలో దాచారు. పెగ్లర్ చేతిలో ఇంటికి చేరే దారి ఖర్చులు కూడా లేవు. ఓడలో తోటి ప్రయాణికులకు రైళ్ల గురించి ఉపన్యాసాలిస్తూ, ఆ పనే టికెట్టుగా స్వదేశం చేరాడు. 1972లో కోర్టు ఆయన్ని దివాలాదారుగా ప్రకటించింది. కుటుంబానికి రబ్బరు కంపెనీ ఉన్న మనిషి, ఆ తర్వాత నటనతో పొట్టపోసుకున్నాడు. లండన్ విందుల్లో అతిథుల ముందు ఎనిమిదో హెన్రీ వేషం కట్టాడు. వేషం ఇప్పేశాక వెళ్లి చూసుకోవడానికి ఆయనకంటూ ఇంజన్ లేదు.

ఇంజన్‌ని 1973లో విలియం మెకాల్పిన్ కొని, పనామా కాలువ మీదుగా ఇంగ్లండ్‌కి తెప్పించాడు. దివాలా తీసిన రెండోవాడు టోనీ మార్చింగ్టన్. 1996లో కొని, 2003లో దివాలా తీశాడు. మరుసటేడు నేషనల్ రైల్వే మ్యూజియం 23 లక్షల పౌండ్లు పెట్టి తీసుకుంది. ఆ సొమ్ములో జనం ఇచ్చిన చందాలూ ఉన్నాయి. అంత పెద్ద సంస్థకే దాన్ని మళ్లీ నడిపించడానికి 2006 నుంచి 2016 దాకా పట్టింది, ఇంకో 42 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. ఒక్క మనిషి ఆ బరువు కింద నలిగిపోయాడంటే తప్పు పట్టగలమా? ఆ పని సగంలో ఉండగానే, 2012 మార్చిలో, పెగ్లర్ కన్నుమూశాడు.

లెక్క తెలియని మనిషి అని ఆయన్ని ఎవరైనా అనవచ్చు. కానీ 1963లో ఆ ఇంజన్‌ని కాపాడాలని చందాలకు బయలుదేరిన అభిమానులకు 3,000 పౌండ్లు పోగవలేదు. ఇచ్చినవాడు పెగ్లర్ ఒక్కడే.