ఫీజు కట్టాలా, పని చేయాలా? మన సీమ కట్టుబడుల కథ

అమెరికాలో చాలా ప్రైవేటు షూటింగ్ క్లబ్బుల్లో ఏడాది ఫీజు కడితే సరిపోదు. కొన్ని గంటలు పని కూడా చేయాలి. గడ్డి కోయాలి, టార్గెట్ల వెనక మట్టికట్ట సరిచేయాలి. చేయకుంటే కొన్నిచోట్ల అదనంగా డబ్బు కట్టాలి. వింతగా ఉందా? రెండు వందల ఏళ్ల కిందట మన మైదుకూరు చుట్టుపక్కల, కడప, కర్నూలు సీమల్లో ఇలాంటి ఒప్పందమే నడిచింది. కాకపోతే అది సరదాకి కాదు, బతుకుతెరువు.

వాళ్లని కట్టుబడులు అనేవాళ్లు. పాళెగాళ్ల కింద ఆయుధం పట్టేవాళ్లు. ఊరికి కావలి కాయాలి, పిలిస్తే పోరుకి పోవాలి. దానికి బదులు ఇనాం భూమి. దాని మీద శిస్తు కూడా కొద్దిగానే ఉండేది. అంటే తక్కువ ఫీజు, మిగతాది పని. మరి పాళెగాళ్లంతా మంచోళ్లా? కాదు. రైతుల్ని పీడించినవాళ్లూ ఉన్నారు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాళెగాళ్ల బలగాల్ని అణిచేశాడు, కొందరికి పెన్షన్లు ఇచ్చారు. ఇప్పుడు కట్టుబడికి భూమి ఉంది, పాత పని లేదు. తర్వాత కంపెనీ ఏం చేసిందంటే, కట్టుబడి చనిపోతే ఆ ఇనాం వారసుడికి పోకుండా వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. తాత కావలి కాశాడు, నాన్న ఆ చేనే దున్నాడు, కొడుకుకి మాత్రం ఏమీ లేదు. పని తీసేసింది కంపెనీయే, పని లేదని భూమి లాక్కున్నదీ కంపెనీయే!

ఆ కోపంలో ఉన్నవాళ్లు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. మైదుకూరు నుంచి చాగలమర్రి, ఆళ్లగడ్డ మీదుగా పోతే కోయిలకుంట్ల వస్తుంది కదా, 1846 జులైలో అక్కడి ఖజానా మీద పడ్డారు. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని అక్కడే ఉరితీశారు. 'సైరా' సినిమాలో హీరోని చూశాం. ఆయన వెనక నడిచినవాళ్లలో చాలామందికి అది తమ చేని కోసం చేసిన పోరు కూడా.

మీ ఊళ్లో కట్టుబడి ఇనాం అని పిలిచే పొలం ఉందేమో పెద్దోళ్లని అడగండి, కామెంట్లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.