కామెర్ల నిర్ధారణ: కంటిచూపు నుంచి రక్తపరీక్ష దాకా

వైరల్ జ్వరం తగ్గుతూనే పదిహేనేళ్ల పిల్లవాడి కళ్లు పచ్చబడితే, పీహెచ్‌సీ డాక్టరు ముందుగా "మూత్రం ఏ రంగులో వస్తోంది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు చాలా చరిత్ర ఉంది.

చరక సంహిత పాండురోగంతో పాటే కామలను వర్ణించింది. కళ్లు, చర్మం, గోళ్లు పసుపెక్కడమే కాక, కఫం పిత్తానికి అడ్డుపడితే మలం నువ్వుపిండిలా తెల్లబడుతుందనీ గమనించింది. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో సైతం పిత్తనాళంలో శ్లేష్మం అడ్డుపడటమే కారణమన్నాడు. చాలా కేసుల్లో అసలు లోపం కాలేయ కణాల వాపులో ఉందని తర్వాత తేలింది.

మలుపు 1916లో వచ్చింది. డచ్ వైద్యుడు వాన్ డెన్ బర్గ్ రక్తరసికి డయాజో ద్రావణం కలిపితే, కొందరి రసి వెంటనే ఎరుపు తిరిగింది. మరికొందరిది ఆల్కహాల్ చేర్చాకే తిరిగింది. వెంటనే రంగు మారేది, కాలేయం మార్చి పంపిన బిలిరుబిన్ అనే పసుపు పదార్థం. అది నీటిలో కరిగి మూత్రంలోకి దిగుతుంది, మూత్రం ముదురు రంగవుతుంది. రెండోది మూత్రంలోకి రాదు. ఇవాళ్టి రిపోర్టుల్లోని డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ ఇవే.

ఆ తర్వాత వైరస్‌ల వంతు. 1947లో బ్రిటిష్ వైద్యుడు మెకల్లమ్ హెపటైటిస్‌ను, అంటే కాలేయ వాపును, ఎ, బి అని విడదీశాడు. 1955-56లో ఢిల్లీ తాగునీటిలో యమున మురుగు కలిసి సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చాయి. అది హెపటైటిస్ ఇ అని దశాబ్దాల తర్వాతే నిర్ధారణైంది. హెపటైటిస్ ఎ సోకిన చిన్నపిల్లల్లో చాలామందికి కళ్లు పచ్చబడవు, టీనేజర్లలో ఎక్కువమందికి పచ్చబడతాయి. చాలావరకు దానంతటదే తగ్గుతుంది. పేరు మాత్రం పసరు మందుకు దక్కుతుంది.

కాలేయం వాయకుండానే పచ్చబడేవాళ్లూ ఉన్నారు. 1901లో పారిస్‌లో అగస్టిన్ గిల్బర్ట్ వర్ణించిన ఈ వంశపారంపర్య లక్షణం సాధారణంగా యుక్తవయసులోనే బయటపడుతుంది. జ్వరం, పస్తు దాన్ని పెంచుతాయి. దీనికి మూలమైన జన్యు మార్పు 1995లో దొరికింది. ఇక్కడ ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ మాత్రమే కాస్త పెరుగుతుంది. ఎంజైములు, రక్తకణాలు మామూలుగానే ఉంటాయి. మందు అక్కర్లేదు, కఠిన పథ్యంతో కడుపు మాడిస్తే పచ్చదనం ఇంకా పెరుగుతుంది.

అందుకే పసరుకు పరుగెత్తేముందు మూత్రం, బిలిరుబిన్, ఎంజైముల పరీక్షలు చేయించండి. మత్తు, తికమక, రక్తస్రావం, ఆగని వాంతులు కనిపిస్తే మాత్రం రిపోర్టుల కోసం ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.