మయోఫంక్షనల్ థెరపీ

నాలుక, పెదవులు, బుగ్గలు, దవడల కండరాలకు వ్యాయామాలతో సరైన అలవాట్లు నేర్పే చికిత్స. అమెరికన్ ఆర్థోడాంటిస్ట్ ఆల్‌ఫ్రెడ్ రోజర్స్ పళ్ల వరస సరిచేయడంలో కండరాల శిక్షణ పాత్ర గురించి 1918లో రాశారు.

ఊరికే ఉన్నప్పుడు పెదవులు మూసుకుని, నాలుక కొన పై ముందుపళ్ల వెనక అంగిలికి ఆనుకుని, శ్వాస ముక్కుతో సాగాలి. నోటితో గాలి పీల్చేవారిలో, వేలు చీకే పిల్లల్లో నాలుక తరచూ కిందికి దిగి ఉంటుంది. కొందరు గుటక వేసేటప్పుడు దాన్ని పళ్ల మీదికి నెడతారు. అలాంటివారికి క్లిప్పులతో పళ్లు సర్దినా, తీసేశాక మళ్లీ ఎడం రావచ్చు. ముక్కు వెనకుండే అడినాయిడ్ గ్రంథులు ఉబ్బి ముక్కు మూసుకుపోయిన పిల్లలకు మాత్రం ముందు ఈఎన్‌టీ వైద్యం జరగాలి. గాలి ఆడని ముక్కుతో పీల్చమని సతాయించి లాభం లేదు.

వ్యాయామాలు చూడ్డానికి పిల్లలాటే: నాలుకను అంగిలికి అంటించి టక్కుమనిపించడం, దారం కట్టిన గుండీని పెదవులతో బిగబట్టి లాగడం. కష్టమల్లా నెలల తరబడి రోజూ చేయడం.

గురకకూ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ ఆప్నియాకూ ఇది పనికొస్తుంది. బ్రెజిల్‌లో ఒక మోస్తరు స్లీప్ ఆప్నియా ఉన్న 31 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2009లో వెలువడ్డాయి. మూడు నెలలు వ్యాయామాలు చేసినవారిలో నిద్రలో శ్వాస అంతరాయాలు గంటకు సగటున 22 నుంచి 14కు తగ్గాయి. జబ్బు తీవ్రంగా ఉంటే గాలి ఒత్తిడితో శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచే సీపాప్ యంత్రానికి ఇది తోడే తప్ప బదులు కాదు.