చుక్కాని దగ్గర పుట్టిన సర్వో

బరువు తొమ్మిది గ్రాములు. నీలిరంగు ప్లాస్టిక్ పెట్టె, మూడు తీగలు, పైన చిన్న తెల్లటి చెయ్యి. రోబోటిక్స్ ప్రాజెక్టు చేసిన ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఈ ఎస్‌జీ90 సర్వోను పట్టుకోనివాళ్లు తక్కువ. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ కొట్ల ముందు నిలబడి ‘సర్వో’ అంటే చాలు, తీసి చేతిలో పెడతారు. రోబో చెయ్యి కదిపే మోటారుగానే మన పిల్లలకు దానితో పరిచయం. కానీ సర్వో పుట్టింది రోబోల కోసం కాదు, విమానాల కోసమూ కాదు. ఓడ చుక్కాని తిప్పడానికి పుట్టింది. అందుకే చిన్న రిమోట్ పడవలో సర్వో బిగించినప్పుడల్లా అది పుట్టింటికి వచ్చినట్టే ఉంటుంది నాకు.

1858లో లండన్ దగ్గర థేమ్స్ నదిలోకి దిగిన గ్రేట్ ఈస్టర్న్ ఓడ పొడవు 692 అడుగులు. ఇంజనీరు బ్రూనెల్ రూపకల్పన. అంత పెద్ద ఓడను అంతకుముందు ఎవరూ కట్టలేదు. గోదావరి మీద లాంచీ సరంగు చక్రం ఒక్కడే తిప్పేస్తాడు. గ్రేట్ ఈస్టర్న్ చుక్కానికి ఒకరి బలం ఏ మూలకు? చక్రాల దగ్గర మనుషులు బారులు తీరాల్సిందే. 1861 సెప్టెంబరులో అట్లాంటిక్ తుపానులో ఆ చుక్కాని ఇనుప ఇరుసే విరిగిపోయింది. ఓడ అలల దయమీద పడింది. ప్రయాణికుల్లో ఉన్న హామిల్టన్ టౌల్ అనే అమెరికన్ ఇంజనీరు విరిగిన ఇరుసుకు గొలుసులు చుట్టి, చుక్కానిని మళ్లీ లొంగదీశాడు.

ఆవిరి యంత్రంతో తిప్పించవచ్చు కదా అంటే, చిక్కు అక్కడే ఉంది. ఆవిరికి బలం ఉంది, ఎంతవరకు తిప్పి ఆగాలో తెలియదు. కవాటం తెరిస్తే చుక్కాని చివరిదాకా పోతూనే ఉంటుంది. 1866లో జాన్ మెక్‌ఫార్లేన్ గ్రే అనే ఇంజనీరు దీనికి దారి కనిపెట్టాడు. నావికుడు చక్రం తిప్పితే ఆవిరి కవాటం తెరుచుకుంటుంది, యంత్రం కదులుతుంది. ఆ కదలికే మెల్లగా కవాటాన్ని మూసేస్తుంది. చక్రం ఎంత తిరిగిందో చుక్కాని అంతే తిరిగి ఆగుతుంది. అడిగినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాయే యంత్రాన్ని నడుపుతుంది, తేడా పోతే యంత్రం నిలుస్తుంది. ఇంత అందమైన ఆలోచన యంత్రాల చరిత్రలో అరుదు అని నా నమ్మకం. ఆ యంత్రం అమర్చింది గ్రేట్ ఈస్టర్న్‌లోనే.

ఈ యంత్రానికి పేరు పెట్టింది మాత్రం ఫ్రెంచివాళ్లు. ఓడల చుక్కానులకు ఇలాంటి యంత్రాలే తయారుచేసిన జోసెఫ్ ఫార్కో 1873లో వాటి మీద పుస్తకం రాస్తూ ‘సర్వో-మొతర్’ అన్నాడు. లాటిన్‌లో ‘సెర్వుస్’ అంటే బానిస. చెప్పింది చెప్పినట్టు చేసే మోటారు అని భావం.

ఆ తెలివి బొమ్మ పడవల్లోకి దిగడానికి చాలాకాలం పట్టింది. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా తీగలేకుండా పడవ నడిపి చూపాడు. ఆ ఏడాది నవంబరులోనే పేటెంటూ వచ్చింది. ఒక్కో సంకేతానికి లోపలి చక్రం ఒక్కో మెట్టు జరిగేది, అంతే. తర్వాత అర్ధ శతాబ్దానికి అభిరుచి కొద్దీ పడవలు కట్టినవాళ్లకు దొరికిందీ దాదాపు అదే: మెలిపెట్టిన రబ్బరుతో తిరిగే ఎస్కేప్‌మెంట్. బటన్ నొక్కితే చుక్కాని కుడికి, వదిలితే మధ్యకు, మళ్లీ నొక్కితే ఎడమకు. కిందటిసారి ఏ వైపు తిప్పారో మరిచిపోతే పడవ గట్టుకు గుద్దుకునేది. కొంచెం తిప్పడమన్న మాటే లేదు, తిప్పితే పూర్తిగానే.

1960ల్లో డిజిటల్ ప్రొపోర్షనల్ పద్ధతి వచ్చాక రిమోట్ పుల్ల ఎంత కదిపితే చుక్కాని అంత కదలడం మొదలైంది. సెకనుకు సుమారు యాభైసార్లు రిసీవర్ ఒక విద్యుత్ స్పందన పంపుతుంది. దాని నిడివి ఒక మిల్లీసెకను అయితే ఒక కొస, రెండయితే రెండో కొస, ఒకటిన్నర అయితే నడుమ. సర్వో ఇరుసుకు తగిలించిన పొటెన్షియోమీటరు ‘ఇప్పుడు ఇక్కడున్నాను’ అని చెబుతుంది. రెండిటి తేడా పోయేవరకు మోటారు తిరుగుతుంది. ఆవిరి పోయి కరెంటు వచ్చింది గానీ, ఇది గ్రే కవాటమే.

ఈ చరిత్ర తెలిస్తే పడవకు సర్వో ఎంచుకోవడం తేలిక. కేటలాగులో మొదట కనిపించేది వేగం. ఎస్‌జీ90 అరవై డిగ్రీలు తిరగడానికి సెకనులో పదో వంతు చాలు. పెద్ద ఓడల చుక్కాని ఒకవైపు 35 డిగ్రీల నుంచి రెండోవైపు 30 డిగ్రీలకు 28 సెకన్లలోపు రావాలన్నది అంతర్జాతీయ నిబంధన. కాబట్టి పడవకు వేగం కోసం డబ్బు పెట్టక్కర్లేదు. చూడాల్సింది టార్క్, అంటే తిప్పే బలం. ఎస్‌జీ90కి 1.8 కిలో-సెంటీమీటర్లు అంటారు: ఇరుసుకు ఒక సెంటీమీటరు దూరాన 1.8 కిలోలు నిలపగలదు, రెండు సెంటీమీటర్ల దూరాన సగమే. ఈ లెక్క 4.8 వోల్టుల దగ్గరది. 1.2 వోల్టుల రీఛార్జి సెల్స్ నాలుగు కలిపి వాడిన రోజుల నుంచీ వస్తున్న ఆనవాయితీ అది. పడవ వేగం రెట్టింపయితే చుక్కాని మీద నీటి ఒత్తిడి నాలుగింతలవుతుంది. నెమ్మదిగా పోయే టగ్‌కు సరిపోయిన సర్వో స్పీడ్‌బోటుకు చాలదు.

తెరచాప పడవయితే రెండు సర్వోలు. చుక్కానికి చిన్నది చాలు. తాడు లాగి తెరచాపను బిగించేదానికి మాత్రం పొదుపు పనికిరాదు, ఎందుకంటే గాలి దెబ్బంతా దానిమీదే. పలుమార్లు తిరిగి డ్రమ్ముకు తాడు చుట్టే వించ్ సర్వో ఉత్తమం. 38 మిల్లీమీటర్ల డ్రమ్ము ఒక చుట్టుకు సుమారు పన్నెండు సెంటీమీటర్ల తాడు లాగుతుంది.

ఒక చెరువులో మొదటిసారి వదిలినప్పుడు నా పడవ లోపల సర్వో ఆగకుండా గుర్రుమంది. బలం చాలక కాబోలని పెద్దది కొన్నాను. అదీ గుర్రుమంది. చెరువు గట్టున కూర్చుని, సర్వోనూ చుక్కానినీ కలిపిన కడ్డీ ఊడదీసి చుక్కానిని వేలితో తిప్పి చూస్తే ఇరుసు గొట్టంలో బిగుసుకుని ఉంది. సర్వో తన చోటికి చేరలేకపోతోంది, తేడా పోవడం లేదు, అందుకే మోటారు పెనుగులాడుతూ బ్యాటరీని తాగేస్తోంది. గొట్టం శుభ్రం చేసి, గ్రీజు పెట్టి, పెద్ద ఓడలకు చేసినట్టు చుక్కాని రేకులో ఐదో వంతు ఇరుసుకు ముందుండేలా కొత్తది కోసి అతికించాను. ముందు భాగం మీద పడే నీరు వెనక భాగాన్ని తిప్పడానికి సాయపడుతుంది. ఆ సాయంత్రం పాత తొమ్మిది గ్రాముల సర్వోనే మళ్లీ బిగించాను. పడవ చెరువు అటు గట్టు దాకా పోయి తిరిగొచ్చింది, లోపల చప్పుడు లేదు.