నొప్పికీ ఆడా మగా తేడా

మొన్న మావారి వేలు తలుపు సందున పడి నలిగింది. ఇల్లంతా హడావిడి! అత్తగారు ఐసు తెస్తే, పిల్లలు ఫాను వేశారు. నేనేమో నాలుగు నెలలుగా వంగి ముగ్గు పెట్టలేకపోతున్నాను. డాక్టరుగారికి చెబితే, "ఏం లేదమ్మా, అంతా మీ మనసులోనే ఉంది" అని పంపించేశారు.

ఈ మాట ఎక్కడ పుట్టిందా అని పుస్తకాలు తిరగేశాను. అబ్బో, చాలా పాతదే! గ్రీకులో 'హిస్టెరా' అంటే గర్భసంచి. అది ఒంట్లో చోటు మారి తిరగడమే ఆడవాళ్ల బాధలకు మూలమని ఆనాటి వైద్యులు కొందరు నమ్మారు. 'హిస్టీరియా' అన్న పేరు అందులోంచే వచ్చింది. అమెరికా మానసిక వైద్యులు ఆ పేరును పక్కకు నెట్టింది 1980లో!

మందుల సంగతీ అంతే. కడుపులో బిడ్డకు హాని అన్న భయంతో, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లను మందుల తొలి పరీక్షలకు తీసుకోవద్దని 1977లో అమెరికా ప్రభుత్వం చెప్పింది. ఉద్దేశం మంచిదే. కాని నష్టపోయింది మనమే. ఆ కట్టుబాటు 1993లో తీసేశారు. నొప్పి పరిశోధనల్లో ఎలుకలు కూడా చాలాకాలం పాటు ఎక్కువగా మగవే! ఆడవాటికి హార్మోన్లు మారుతుంటాయి, లెక్క తేలదని సాకు.

2003లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు పేగునొప్పి రోగుల మెదళ్లను చిత్రాలు తీశారు. నొప్పి కలిగినప్పుడు ఆడవారిలో భావోద్వేగాల భాగాలు, మగవారిలో ఆలోచనకు సంబంధించిన భాగాలు ఎక్కువగా పనిచేశాయి.

"చూశావా, మనసులోదేగా!" అన్నారు మావారు.

"మీ వేలి నొప్పి తెలిసింది మాత్రం మెదడులో కాదూ?" అన్నాను. నోరు మెదపలేదు.

2015లో కెనడాలో ఇంకో విశేషం బయటపడింది. నరం దెబ్బతిన్న మగ చిట్టెలుకల్లో నొప్పిని నిలబెట్టేవి వెన్నుపాములోని మైక్రోగ్లియా కణాలు. వాటిని ఆపితే నొప్పి తగ్గింది. ఆడవాటికి మాత్రం తగ్గలేదు. వాటిలో ఆ పని చేసేది వేరే రక్షణ కణాలట! మగ ఎలుకలనే చూస్తూ కూర్చుంటే ఈ సంగతి తెలిసేదా, చెప్పండి?

నేను ఊరుకోలేదు. నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే వస్తోందో చీటీ మీద రాసుకుని ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ అంతా చదివి, స్కానింగు తీయించారు. వెన్నుపూసల మధ్య డిస్కు జరిగిందట.

ఇప్పుడు మా ఇంట్లో ముగ్గు మావారే వేస్తున్నారు. చుక్కలు వంకర పోతే మాత్రం వేలి నొప్పి అంటారు!