తాటాకు నుంచి అచ్చుకు: బ్రౌన్ పాఠపరిష్కరణ

గంటంతో తాటాకుపై గీసిన అక్షరాన్ని చెరిపి దిద్దడం సాధ్యం కాదు. పదాల మధ్య ఎడం వదిలే అలవాటు లేనందున, అర్థం తెలియని లేఖకుడు ఒక అక్షరం జారవిడిస్తే, ఆ ప్రతిని చూసి రాసుకున్నవాడు ఖాళీని తనకు తోచినట్లు పూరించేవాడు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్, ఏ ఒక్క ప్రతినీ నమ్మరాదని గ్రహించి, ఒక్కో కావ్యానికి వీలైనన్ని ప్రతులు సేకరించి, సొంత జీతంతో పండితులను పోషించి పాఠపరిష్కరణకు, అంటే ప్రతులను పోల్చి సరైన పాఠాన్ని నిర్ణయించే పనికి, పూనుకున్నాడు.

ముందుగా ఒక ప్రతిని విశాలమైన ఖాళీలతో కాగితంపై ఎత్తి రాయించి, పద్యాలకు సంఖ్యలు వేయించి, తక్కిన ప్రతులలోని పాఠాంతరాలను, అనగా భిన్న పాఠాలను, ఆ ఖాళీలలో చేర్పించేవాడు. ఆపైన పద్యాలను పైకి చదివిస్తుండగా పండితులు వాదించుకునేవారు. తీర్పు మాత్రం బ్రౌన్‌దే. ఛందస్సు ఇక్కడ గట్టి సాక్షి. ఉత్పలమాలలో నాలుగు పాదాల రెండవ అక్షరం ఒకే హల్లు కావాలన్నది ప్రాస నియమం కనుక, మూడు పాదాలలో పకారం ఉండి నాలుగవ పాదంలో వకారం కనిపిస్తే, పోలిక గల ఆ రెండు అక్షరాల దగ్గర లేఖకుడు తడబడ్డాడని వెంటనే తేలిపోతుంది. అయితే గణాలకూ యతికీ చక్కగా అతికే తప్పును ఛందస్సు పట్టలేదు. పైగా కవి రాసినదానికన్నా సొగసైన మాటను చొప్పించగల పండితుడే, నిజానికి, పాఠానికి మొద్దు లేఖకుడికన్నా ఎక్కువ ప్రమాదకారి.

వేమన పద్యాల విషయంలో చిక్కు మరింత పెద్దది. ఆటవెలదికి ప్రాస నియమం లేదు. చివరి పాదమంతా మకుటమే, అంటే ప్రతి పద్యంలోనూ మారకుండా వచ్చే సంబోధనే, కావడంతో, మూడు పాదాలు అల్లగల ఎవరైనా వేమన కావచ్చు. 1829లో 693 పద్యాలతో వెలువరించిన సంపుటాన్ని బ్రౌన్ 1839లో 1164 పద్యాలకు పెంచాడు. ఏది వేమనదో తేల్చడానికి అతనికి మిగిలిన ఆధారాలు ప్రతుల సాక్ష్యమూ, తన అభిరుచీ మాత్రమే. ఆ అభిరుచిపై వివాదం నేటికీ సమసిపోలేదు. అతని సేకరణలో అధికభాగం మద్రాసులోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయంలో భద్రంగా నిలవడం వల్లనే బంగోరె వంటి పరిశోధకులు ఆ తీర్పులను మళ్లీ విచారణకు తెచ్చారు.