ఈస్ట్ పట్టించిన ప్రోటీన్

పాప ఒంటి మీద చర్మం మండుతూ ఉంది. విరేచనాలు ఆగవు, బరువు పెరగదు, ఒక ఇన్‌ఫెక్షన్ తగ్గీ తగ్గకముందే ఇంకొకటి. అప్పటికి తెలిసిన రోగనిరోధక లోపాల్లో దేనికీ ఈ కేసు సరిపోలేదు. అమెరికాలో మైకేల్ మిల్లర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఆ లోపాన్ని పట్టుకున్నది బ్రెడ్డు పొంగించే మామూలు ఈస్ట్‌తో.

పరీక్ష చాలా సాదా. తెల్ల రక్తకణాలు, ఈస్ట్, కాస్త ప్లాస్మా కలిపి ఒంటివేడి దగ్గర కాసేపు ఉంచుతారు. తర్వాత ఒక్కో తెల్లకణం ఎన్ని ఈస్ట్ కణాలను మింగిందో మైక్రోస్కోపు కింద లెక్కపెడతారు. పాప తెల్లకణాలను వేరేవాళ్ల ప్లాస్మాలో వేస్తే శుభ్రంగా మింగాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల కణాలను పాప ప్లాస్మాలో వేస్తే మాత్రం ఈస్ట్ పక్కనే ఉన్నా సరిగా మింగలేదు. అంటే లోపం కణాల్లో లేదు, ప్లాస్మాలో ఉంది. ‘దీన్ని మింగు’ అని సూక్ష్మజీవికి గుర్తు అంటించే పదార్థమేదో అందులో కొరవడింది. తాజా ప్లాస్మా ఎక్కిస్తే పాప కోలుకుంది. ఆమె బంధువుల్లో కొందరి ప్లాస్మాలోనూ అదే లోపం కనిపించింది. 1968లో ఇది ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయింది.

ఆ పదార్థం ఏమిటో తేల్చడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. మొదట మిల్లరే 1970లో కాంప్లిమెంట్ వ్యవస్థలోని ఐదో ప్రోటీన్‌ను అనుమానించారు. రక్తంలో ఒకదాని తర్వాత ఒకటి చురుకెక్కి సూక్ష్మజీవుల మీద పడే ప్రోటీన్ల వరసే కాంప్లిమెంట్. ఆ అనుమానం నిలవలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, అసలు దోషి అప్పటికింకా ఏ జాబితాలోనూ లేదు. తర్వాత లండన్‌లో జాన్ సూట్‌హిల్ బృందం అదే ఈస్ట్ పరీక్షను తరచూ జబ్బుపడే పిల్లల మీద చేసి, లోపం చాలామందిలో ఉందని 1976లో చెప్పింది. దానితో పాటు బయటపడ్డ ఇంకో సంగతి నా దృష్టిలో అంతకన్నా పెద్దది. ఏ జబ్బూ లేకుండా తిరుగుతున్న మామూలు జనంలోనూ 5 నుంచి 7 శాతం మందికి అదే లోపం ఉంది.

ఈలోగా జపాన్‌లో, క్యోటో విశ్వవిద్యాలయంలో, రోగనిరోధక శక్తి ఊసే లేని పని ఒకటి నడుస్తోంది. తోషిసుకే కవాసాకీ అంతకుముందు అమెరికాలో గిల్బర్ట్ యాష్‌వెల్‌తో కలిసి పనిచేసి వచ్చారు. రక్తంలోని కొన్ని ప్రోటీన్లను, వాటికి అతుక్కున్న చక్కెరలను బట్టి కాలేయం గుర్తుపట్టి లాగేసుకుంటుందని యాష్‌వెల్ బృందం చూపింది. అలాంటి పట్టు ఇంకే చక్కెరలకు ఉందోనని కవాసాకీ, ఇకువో యమాషినా బృందం కుందేలు కాలేయంలో వెతికింది. మానోస్ అనే చక్కెరను పట్టుకునే ప్రోటీన్ 1978లో దొరికింది. కాల్షియం ఉంటేనే అది పట్టుకుంటుంది, తీసేస్తే వదిలేస్తుంది. తర్వాత దాన్ని కుందేలు సీరంలోనూ, 1983లో మనిషి సీరంలోనూ చూశారు. అది కాంప్లిమెంట్‌ను రేపుతుందని 1987లో తేలింది.

ఆ ప్రోటీన్‌ను పట్టడానికి వాళ్లు వేసిన ఎర మానన్, అంటే మానోస్ గొలుసు. అది ఈస్ట్ కణం గోడలో ఉంటుంది. లండన్ డాక్టర్ల బల్ల మీదా, క్యోటో రసాయనవేత్తల బల్ల మీదా ఒకటే సరుకు ఉన్నా చాలా ఏళ్లు ఒకరి పని ఇంకొకరికి పట్టలేదు. చివరికి లండన్‌లో మాల్కమ్ టర్నర్, మైకేల్ సూపర్, డెన్మార్క్‌కు చెందిన స్టెఫెన్ తీల్ తదితరులు ఆ రెంటినీ కలిపారు. ఈస్ట్ పరీక్షలో తప్పిన పిల్లల సీరంలో ఈ ప్రోటీన్ బాగా తక్కువగా ఉంది. శుద్ధిచేసిన ప్రోటీన్‌ను ఆ సీరంలో కలిపితే లోపం సర్దుకుంది. అది 1989.

ఎందుకు తక్కువన్నది రెండేళ్లలో తేలింది. ఈ ప్రోటీన్‌లో మూడు గొలుసులు మూడుపాయల జడలా అల్లుకుని ఉంటాయి. అల్లిక బిగువుగా కూర్చోవాలంటే ప్రతి మూడో స్థానంలో అమైనో ఆమ్లాలన్నింట్లోకీ చిన్నదైన గ్లైసీన్ ఉండాలి. పదో క్రోమోజోమ్ మీద ఉన్న జన్యువులో ఒక్క అక్షరం మారి, 54వ స్థానంలో గ్లైసీన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటోంది. జడ సరిగా పడదు, ప్రోటీన్ నిలవదు. 1992లో పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో ఇంకో మార్పు బయటపడింది. అక్కడ దెబ్బతిన్నది 57వ స్థానంలోని గ్లైసీన్. రెండు ఖండాల్లో దేనికదిగా పుట్టిన రెండు మార్పులు ఒకే అల్లికను విప్పేస్తున్నాయి. అదే ఏడాది జపాన్‌లో మిసావో మత్సుషితా, తెయిజో ఫుజితా ఈ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుని ఉండే ఎంజైమును పట్టుకున్నారు. 1997లో దాని జోడీ, మాస్ప్-2, దొరికింది. సూక్ష్మజీవి మీద మానోస్ తగలగానే, యాంటీబాడీల కోసం చూడకుండానే, కాంప్లిమెంట్‌ను నడిపించేది ఈ మాస్ప్-2 అని అర్థమైంది.

ఇక లోపమున్న ఆ 5 నుంచి 7 శాతం మంది సంగతి. గ్రీన్‌లాండ్‌లోని సిసిమియుట్ పట్టణంలో రెండేళ్ల లోపు పిల్లలను గమనించిన పరిశోధకులు 2001లో చెప్పినదాని ప్రకారం, ఈ ప్రోటీన్ కొరవడిన పిల్లలకు శ్వాసకోశ జబ్బులు రెట్టింపు వచ్చాయి. తేడా ముఖ్యంగా 6 నుంచి 17 నెలల మధ్యే. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు కరిగిపోయి, సొంతవి ఇంకా కుదురుకోని కాలం అది. పెద్దవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. కోపెన్‌హాగెన్‌లో 9,245 మంది మీద చేసి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ప్రోటీన్ లేనివాళ్లకూ ఉన్నవాళ్లకూ ఆస్పత్రి పాలవడంలో గానీ చావులో గానీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇతర రక్షణలు బాగున్న మనిషికి ఇది లేకపోయినా గడిచిపోతుంది. ఆ రక్షణలు లేనిచోట, లేదా సిస్టిక్ ఫైబ్రోసిస్ లాంటి జబ్బుతో ఊపిరితిత్తులు పాడైనచోట, లోటు తెలుస్తుంది. చెన్నైలోని క్షయ పరిశోధన కేంద్రం 1999లో, రెండు జన్యు ప్రతులూ మారినవాళ్లలో ఊపిరితిత్తుల క్షయ ఎక్కువని చూపింది.

మరి కొందరికైనా హాని చేసే మార్పే అయితే జనంలో ఇంత ఎక్కువగా ఎందుకు మిగిలింది? బ్రెజిల్ పరిశోధకులు 2001లో ఒక ఆధారం చూపారు. అక్కడ కాలా అజార్ అనే పరాన్నజీవి జబ్బు ముదిరినవాళ్లలో ఈ ప్రోటీన్ ఎక్కువగా ఉంది. ఆ పరాన్నజీవి బతికేది మింగే కణాల లోపలే కాబట్టి, గుర్తు అంటించి మింగించడం దానికి తలుపు తీసినట్టే. గుండెకు రక్తం ఆగి మళ్లీ పారినప్పుడు జరిగే నష్టం కూడా ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో తక్కువని 2005లో తేలింది. 1998లో ఐస్‌లాండ్ వైద్యులు లోపమున్నవాళ్లకు ఈ ప్రోటీన్‌ను నరంలోకి ఎక్కించి చూశారు, ఈస్ట్‌కు గుర్తు అంటించే శక్తి తిరిగొచ్చింది. తర్వాత వచ్చిన మందుల ప్రయత్నాల్లో ముందున్నవి మాత్రం దీన్ని ఎక్కించేవి కావు, మాస్ప్-2ను అడ్డుకునేవి.